చుక్కకి ఆపరేషన్ చేయించాక పదహారు రోజులు: నా అనుభవం

మా కుక్క చుక్కకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి ఇంటికి తెచ్చిన రాత్రి పదకొండున్నరకి డాక్టరుగారికి ఫోన్ చేశాను. సాయంత్రం ఐదింటికి తెచ్చాం, అప్పటినుంచీ ఒకటే మూలుగు. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ మమ్మల్ని చూడటం లేదు, పేరు పెట్టి పిలిస్తే చెవి కూడా కదపడం లేదు, నిలబడబోయి వెనక కాళ్ళు జారి కూలబడుతోంది, కూలబడ్డప్పుడల్లా ఇంకా గట్టిగా మూలుగుతోంది. నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చామన్నారు కదా, మరి ఇదేమిటి, లోపల ఏమన్నా తేడా జరిగిందా అని నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

ఆవిడ విసుక్కోకుండా ఎత్తారు. ముందు పెదవి పైకెత్తి చిగుళ్ళు ఏ రంగులో ఉన్నాయో చూడమన్నారు. గులాబీ రంగులోనే ఉన్నాయి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్ళీ వెంటనే రంగొస్తోందా అన్నారు. వస్తోంది. పొట్ట ఉబ్బిందా? లేదు. కుట్ల దగ్గర రక్తం బొట్లుబొట్లుగా కారుతోందా? లేదు, గుడ్డకి కాస్త ఎర్రనీళ్ళ మరక అయింది అంతే. "అయితే అది మత్తు దిగేటప్పటి మూలుగమ్మా. లైటు తీసేసి పక్కన కూర్చుని ఊరికే చెయ్యి వేసి ఉంచండి, తెల్లారేసరికి మిమ్మల్ని గుర్తుపడుతుంది. చిగుళ్ళు పాలిపోతే మాత్రం ఏ టైమైనా సరే తీసుకొచ్చేయండి" అన్నారు.

ఈ నాలుగు ప్రశ్నలూ నాకు ముందే తెలిసుంటే ఆ ఆరు గంటలూ అంత టెన్షన్ పడేదాన్ని కాదు. ఆపరేషన్ గురించి అందరూ చెబుతారు గానీ ఇంటికి తెచ్చాక ఏ రోజు ఎలా ఉంటుందో ఎవరూ చెప్పరు. అందుకే గుర్తున్నదంతా రాస్తున్నాను.

మేముండేది రాజమండ్రిలో, అద్దెకి, రెండో అంతస్తులో. చుక్క నల్లటి దేశీ కుక్క, నుదుటి మీద తెల్లమచ్చ ఉంటుంది, ఆ పేరు మా పాప పెట్టింది. కిందటేడు వానల్లో మా మెట్ల కింద తడుస్తూ దొరికిన పిల్ల. ఈసారి అక్టోబరులో, సరిగ్గా చిత్తకార్తెలో, ఎదకు వచ్చింది. ఆ మూడు వారాలూ మా గేటు ముందు రాత్రింబవళ్ళు ఏడెనిమిది మగకుక్కలు. కింద వాటాలో వాళ్ళకి నిద్రల్లేవు, మేము దాన్ని బయటికి తిప్పాలంటే మా ఆయన ముందు కర్ర పట్టుకుని నడిస్తే వెనక నేను గొలుసు పట్టుకుని నడిచేదాన్ని. అప్పుడే ఆపరేషన్ చేయించేద్దామనుకున్నాను గానీ డాక్టరుగారు ఒప్పుకోలేదు. ఎదలో ఉన్నప్పుడు గర్భసంచికి రక్తం ఎక్కువ పారుతుందట, కోస్తే రక్తం పోయే ప్రమాదం ఎక్కువ, అందుకని రెండు మూడు నెలలు ఆగి రమ్మన్నారు.

చేయించాలన్న పట్టుదల మాత్రం నాకు అంతకు చాలాముందు నుంచే ఉంది. మా పుట్టింట్లో రాజీ అనే కుక్క ఉండేది. ఎనిమిదేళ్ళ వయసులో ఒకసారి ఎద అయిన నెలన్నరకి తిండి మానేసింది, నీళ్ళు మాత్రం గిన్నెలకి గిన్నెలు తాగేది. ఎండలకి అనుకున్నాం. నాలుగో రోజుకి తోక కింద చీములాంటిది కనపడింది. గర్భసంచి మొత్తం చీము పట్టిందని తెలిసి ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికే ఆలస్యమైపోయింది. ఆపరేషన్ చేయించని ఆడకుక్కలకి వయసు మీద పడ్డాక ఇది బాగా వచ్చే జబ్బేనని అప్పుడు తెలిసింది మాకు. చిన్నప్పుడే గర్భసంచి తీయించేస్తే అది చీము పట్టే ప్రశ్నే ఉండదు. అమ్మ ఇప్పటికీ రాజీ మాట వస్తే పక్కకి తిరిగిపోతుంది.

ఇక్కడ చుట్టుపక్కల వాళ్ళయితే ఒకటే మాట, ఒక్క ఈతన్నా ఈననివ్వండి, ఆడపుట్టుక పుట్టాక దాని ముచ్చట తీరకుండా చేస్తే పాపం అని. డాక్టరుగారిని అడిగితే ఒకసారి పిల్లల్ని పెడితే ఆరోగ్యానికి మంచిదన్న మాటలో నిజం లేదన్నారు, పైగా మొదటి ఎద రాకముందే చేయించి ఉంటే రొమ్ము గడ్డల ముప్పు బాగా తగ్గేదన్నారు. ఆరు దేశీ పిల్లలు పుడితే ఆరింటికీ ఇళ్ళు వెతకడం మావల్ల అవుతుందా? వీధిలో పెరిగే పిల్లల్లో వానాకాలం దాటి ఎన్ని బతుకుతాయో రోజూ చూస్తూనే ఉన్నాం.

సంక్రాంతి వెళ్ళాక రక్తపరీక్ష చేయిస్తే ప్లేట్‌లెట్లు తక్కువ వచ్చాయి. గోమార్ల వల్ల వచ్చే జ్వరం. బయటికి ఏమీ కనపడలేదు, గంతులు వేస్తూనే ఉంది, తింటూనే ఉంది. ఆ పరీక్ష చేయించకుండా కోసి ఉంటే రక్తం గడ్డకట్టక ఏమయ్యేదో తలుచుకుంటేనే భయం. నాలుగు వారాలు డాక్సీసైక్లిన్ వాడాం, మళ్ళీ పరీక్ష చేయిస్తే సరిగ్గా వచ్చాయి. దయచేసి ఆ పరీక్ష డబ్బులు మిగుల్చుకోవద్దు. మన ఊళ్ళలో గోమారి కుట్టని కుక్క ఉండదు.

శివరాత్రి వెళ్ళిన నాలుగో రోజున ఆపరేషన్. ముందురోజు రాత్రి తొమ్మిదికి పెరుగన్నం పెట్టి ఆపేశాం, పొద్దున్నే నీళ్ళ గిన్నె కూడా తీసేయమన్నారు. మత్తులో వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుందట. మా పాపకి చెప్పి చెప్పి ఉంచాం, జాలిపడి బిస్కెట్టు ముక్క కూడా పెట్టొద్దని. పొద్దున తొమ్మిదిన్నరకి వదిలిపెట్టాం, పదకొండున్నరకి అయిపోయిందని ఫోన్ వచ్చింది. గర్భసంచి, రెండు అండాశయాలు తీసేశారు. పొట్ట మీద బొడ్డు కింద నుంచి బెత్తెడు కోత, పైకి కనపడేవి ఏడు కుట్లు. లోపల ఇంకో రెండు వరసల కుట్లు ఉంటాయని, అవి వాటంతటవే కరిగిపోతాయని చెప్పారు. రక్తపరీక్షలు, మందులు అన్నీ కలిపి మాకు ఏడు వేల ఎనిమిది వందలైంది.

బయట ఉక్కపోత మొదలైపోయింది, అయినా చుక్క వణుకుతోంది. మత్తు వల్ల ఒంట్లో వేడి తగ్గిపోతుంది కాబట్టి ఫ్యాను ఆపి దుప్పటి కప్పమన్నారు. నేల మీద రెండు బొంతలు పరిచి, దాని పక్కనే చాప వేసుకుని నేనూ పడుకున్నాను. దివాన్ మీద పరుపు తీసి గోడకి నిలబెట్టేశాం, లేకపోతే అలవాటు కొద్దీ ఎక్కేస్తుంది. రాత్రి తనకి తెలియకుండానే రెండుసార్లు ఉచ్చ పోసింది. సెలైన్ ఎక్కించారు కదా, అది మామూలే. పాత చీరలు నాలుగు మడతలు పెట్టి కింద వేసుకుంటే మార్చడం తేలికగా ఉంటుంది. నీళ్ళు గిన్నెతో పెట్టకుండా రెండేసి చెంచాలు ఇచ్చాను. తెల్లవారుజామున నాలుగింటికి మూలుగు ఆగింది. ఐదింటికి తల ఎత్తి నావంక చూసి తోక నేలకేసి ఒక్కసారి కొట్టింది. ఆ ఒక్క చప్పుడుకి నాకు ఏడుపొచ్చేసింది.

ఆ రాత్రి కూర్చుని మా వీధి కుక్కల గురించి ఆలోచించాను. మా వీధిలో చెవి చివర చిన్నగా కత్తిరించిన ఆడకుక్కలు మూడున్నాయి. 2023లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం వీధికుక్కకి ఆపరేషన్ చేశాక గుర్తుగా చెవి అలా కత్తిరించి, పట్టుకున్న చోటే తిరిగి వదలాలి. ఇన్నాళ్ళూ ఆ చెవులు చూసి ఆహా వీటికి అయిపోయింది అనుకునేదాన్ని అంతే. ఆ కోతతో, ఆ కుట్లతో ఇవి ఎన్ని రోజులు ఉన్నాయో, ఎవరు చూశారో అని ఆ రాత్రే మొదటిసారి అనిపించింది.

రెండో రోజు, మూడో రోజు పెద్దగా చెప్పడానికేం లేదు. పడుకుంటుంది, లేస్తుంది, మళ్ళీ పడుకుంటుంది. మొదటి పూట మామూలు తిండిలో పావు వంతు పెట్టాను, ఉప్పు, ఉల్లిపాయ లేకుండా ఉడికించిన చికెన్, మెత్తటి అన్నం. పొడి దగ్గు రెండు రోజులు దగ్గింది, మత్తు ఇచ్చేటప్పుడు గొంతులో గొట్టం పెడతారు కాబట్టి గొంతు రాసుకుపోయి వస్తుందట. మూడో రోజు వరకూ దొడ్డికి వెళ్ళలేదు. మా ఆయన కంగారుపడ్డారు గానీ, ముందురోజు నుంచి పస్తు, పైన మత్తు, నొప్పి మందు, ఇవన్నీ ఉన్నప్పుడు రెండు మూడు రోజులు వెళ్ళకపోవడం సహజమేనన్నారు. నాలుగో రోజు పొద్దున వెళ్ళింది. ఆ కబురు ఇంట్లో అందరికీ పండగలా చెప్పారాయన.

మాత్రలు రెండు రకాలు, ఒకటి యాంటీబయాటిక్, ఇంకొకటి నొప్పికి మెలోక్సికామ్. నొప్పి మాత్ర తిండి తిన్నాకే వేయాలి. పెరుగన్నం ముద్దలో పెడితే అన్నం తినేసి మాత్ర శుభ్రంగా పక్కన పెట్టేసేది. ఉడికించిన గుడ్డు పచ్చసొనలో పెట్టి, ముందు మాత్ర లేని ముద్ద, తర్వాత మాత్ర ఉన్నది, వెంటనే ఇంకో ఖాళీ ముద్ద చూపిస్తే మింగేసేది. ఒక ముఖ్యమైన మాట. మూడో రోజు రాత్రి నొప్పి మాత్రలు అయిపోతే మందుల షాపుకి వెళ్తే, అక్కడ అతను మనుషులు వేసుకునే మాత్రే సగం వేయండి ఏం కాదన్నాడు. నాకెందుకో అనుమానం వచ్చి డాక్టరుగారికి ఫోన్ చేస్తే ఆవిడ గట్టిగానే చెప్పారు, ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కుక్కలకి కడుపులో పుళ్ళు చేసి కిడ్నీలు పాడుచేస్తాయి, ఎప్పుడూ వేయొద్దని. మనకి మంచి చేసేదే వాటికీ మంచి చేస్తుందనుకోవడం ఎంత ప్రమాదమో!

మాది రెండో అంతస్తు, లిఫ్టు లేదు, ముప్ఫై నాలుగు మెట్లు. పదిహేను కిలోల కుక్కని రోజుకి నాలుగుసార్లు దించి ఎక్కించడం మా ఆయన పని అయింది. ఎత్తుకునే పద్ధతి క్లినిక్‌లోనే చూపించారు. ఒక చెయ్యి ముందు కాళ్ళ ముందు ఛాతీకి అడ్డంగా, రెండో చెయ్యి వెనక తొడల చుట్టూ. పొట్ట కింద మాత్రం చెయ్యి వేయకూడదు. మొదటి రోజు అది బిగుసుకుపోయి గుర్రుమంది, మూడో రోజుకి ఆయన భుజం మీద గడ్డం ఆనించి దర్జాగా దిగడం మొదలుపెట్టింది.

మా అత్తయ్యగారి గురించి చెప్పాలి. మొదట్లో ఆపరేషన్ ఆవిడకి ఇష్టం లేదు. కానీ ఇంటికి తెచ్చాక నాకంటే ఎక్కువ చూసుకున్నది ఆవిడే. ఆవిడకి ముప్ఫై నాలుగేళ్ళప్పుడు గర్భసంచి తీసేశారు. మూడో రోజు రాత్రి చుక్క పక్కన కూర్చుని, దాని వీపు నిమురుతూ, ఎవరితోనూ అన్నట్టు కాకుండా అన్నారు, "పచ్చి పుండు కడుపులో పెట్టుకుని ఎట్లా ఉంటుందో నాకు తెలుసే తల్లీ. నన్ను పదో రోజుకే నీళ్ళు మోయించారు." నేను పెళ్ళయ్యి వచ్చిన పన్నెండేళ్ళలో ఆవిడ నోటి వెంట ఆ మాట ఎప్పుడూ వినలేదు. ఏమనాలో తోచలేదు. కాఫీ కలిపి తెచ్చి ఇచ్చాను, ఇద్దరం అక్కడే కూర్చుని తాగాం.

ఆవిడతో నాకు గొడవ పడ్డది రెండు విషయాల్లోనే. ఒకటి పసుపు. పుండు మీద పసుపూ కొబ్బరినూనే రాస్తే మూడు రోజుల్లో మానుతుందని ఆవిడ నమ్మకం. కుట్ల మీద ఏదీ రాయొద్దు, తడి తగలనివ్వొద్దు, పొడిగా ఉంచండి చాలు అని డాక్టరుగారు రాసిచ్చిన కాగితం చదివి వినిపిస్తే మానేశారు. రెండోది కోన్.

మెడకి గరాటులా తగిలించే ఆ ప్లాస్టిక్ కోన్ చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. గుమ్మాలకి తగులుకుంటుంది, నీళ్ళ గిన్నె అందదు, మనకేసి చూసే చూపు ఏ తప్పూ చేయని వాళ్ళని కట్టేసినట్టు ఉంటుంది. మేం మొదట తెచ్చింది ఒక సైజు చిన్నది, మెడ వంచితే నాలుక కుట్ల దాకా వెళ్ళిపోతోంది. ముక్కు చివర దాటి రెండు అంగుళాలు ముందుకు ఉండాలి. పెద్దది తెచ్చాం. పగలు మేమందరం దగ్గర ఉన్నప్పుడు దానికి బదులు మా పాప పాత టీషర్టు వేసేదాన్ని, ముందు కాళ్ళు చేతుల్లోంచి తీసి, నడుం దగ్గర ముడి వేసి. బయటికి వెళ్ళేటప్పుడు ముడి విప్పి పైకి లాగాలి, తడిస్తే వెంటనే మార్చాలి. కానీ మన కళ్ళు దాని మీద లేనప్పుడు టీషర్టుని నమ్మకూడదు.

ఇప్పుడు అసలు సంగతి. నేనందరికీ చెప్పాలనుకునేది ఇదే. మొదటి మూడు రోజులూ మనం ఒళ్ళంతా కళ్ళు చేసుకుని చూస్తాం, కుక్క కూడా కదలదు. నాలుగో రోజు నుంచి అది హుషారైపోతుంది. తోక ఊపుతుంది, పాలవాడు వస్తే గుమ్మం దాకా ఉరుకుతుంది, బంతి తెచ్చి ఒళ్ళో పెడుతుంది. మనకేమో హమ్మయ్య తేరుకుంది అనిపిస్తుంది. లోపల కండ అతుక్కోవడం ఇంకా మొదట్లోనే ఉంటుంది, ఆ సంగతి దానికి తెలియదు. పైగా మానే పుండు దురద పెడుతుంది. నాలుగు నుంచి పది దాకా, ఆ రోజులే గండం.

మాకు ఆరో రోజున జరిగింది. నేను డ్యూటీకి వెళ్ళాను. మధ్యాహ్నం కరెంటు పోయింది, ఉక్కపోత. చుక్క కోన్‌తో రొప్పుతుంటే అత్తయ్యగారు చూడలేకపోయారు. కుక్క ఉమ్మి మందు, నాక్కుంటేనే పుండు మానుతుంది అని చిన్నప్పటి నుంచీ విన్న మాట ఒకటుంది కదా. కోన్ తీసి, పక్కనే కూర్చుని విసనకర్రతో విసురుతూ ఆవిడా కునుకు తీశారు. నాలుగున్నరకి నేను వచ్చేసరికి కింది రెండు కుట్లు లేవు. ఆ మేర చర్మం విచ్చుకుని ఎర్రగా తడిగా ఉంది, చుట్టూ వాచింది.

నేను రోజూ పొద్దున ఏడింటికి కుట్లని ఒక ఫోటో తీసి ఉంచుకునేదాన్ని. ఆ పొద్దుటి ఫోటో పక్కన పెట్టి చూస్తే ఎంత తేడా వచ్చిందో స్పష్టంగా తెలిసింది. ఆటో మాట్లాడుకుని పరిగెత్తాం. డాక్టరుగారు వేలితో తడిమి చూసి, లోపలి వరసలు గట్టిగానే ఉన్నాయి, పైచర్మం వరకే పోయింది అన్నారు. మళ్ళీ కుట్టక్కర్లేదు, సెలైన్‌తో తుడిచి పొడిగా ఉంచితే అదే పూడుతుంది, యాంటీబయాటిక్ ఇంకో ఐదు రోజులు పొడిగిద్దాం అన్నారు. లోపలి కుట్లు కూడా తెగి ఉంటే పేగులు బయటికి వచ్చే ప్రమాదం ఉండేదని, కుక్క నోట్లో క్రిములుంటాయి కాబట్టి నాకడం వల్ల పుండు మానకపోగా చీము పడుతుందని కూడా చెప్పారు.

అత్తయ్యగారు ఆ రాత్రి అన్నం తినలేదు. నేను ఆవిడని ఒక్క మాట అనలేదు, అనాలనీ అనిపించలేదు. ఆవిడ చేసింది జాలితోనే, నేనే కోన్ ఎందుకో సరిగ్గా విడమరిచి చెప్పలేదు. కాగితం మీద రాసి ఉన్నది చదివి వినిపించడం వేరు, ఎందుకు అలా చేయాలో చెప్పడం వేరు. మర్నాటి నుంచి మేమిద్దరం వంతులు వేసుకున్నాం. తిండి తినేటప్పుడు తప్ప కోన్ తీయలేదు, తీసినప్పుడు ఒకరు తల దగ్గర, ఒకరు వెనక. ఇంట్లో కూడా గొలుసు కట్టి గొలుసు చివర మా కాలి కింద పెట్టుకునే వాళ్ళం.

తొమ్మిదో రోజు కోతకి పైచివర శనగగింజంత గట్టి ముద్ద తగిలింది. మళ్ళీ గుండె జారింది. ఫోటో తీసి పంపిస్తే, అది లోపలి దారం ముడి, వేడిగా, మెత్తగా, పెద్దదవుతూ ఉంటేనే రండి అన్నారు. నెలన్నరకి అదే కరిగిపోయింది. కుట్ల చుట్టూ మొదటి రోజుల్లో కనపడ్డ నల్లటి కమిలినట్టు రంగు కూడా పచ్చబడి పోయింది.

మామూలుగా పన్నెండు, పధ్నాలుగు రోజులకి కుట్లు విప్పుతారు, మాకు ఆ రెండు కుట్ల వల్ల పదహారో రోజు అయింది. విప్పడానికి రెండు నిమిషాలు పట్టలేదు, చుక్క కదల్లేదు కూడా. రెండు రోజులాగి స్నానం చేయించమన్నారు. ఇకనుంచి తిండి నాలుగో వంతు తగ్గించమన్నారు, ఈ ఆపరేషన్ అయ్యాక ఆకలి పెరుగుతుంది, ఒంటికి కావలసింది మాత్రం తగ్గుతుంది, చూసుకోకపోతే లావెక్కిపోతాయి. ఇప్పుడు నెలకోసారి మా ఆయన దాన్ని ఎత్తుకుని తూకం మిషన్ ఎక్కుతారు, తర్వాత ఆయన ఒక్కరే ఎక్కుతారు, తేడా చూసి పుస్తకంలో రాస్తాను.

కుట్లు విప్పించుకుని వచ్చిన మర్నాడు పొద్దున, ఇక మెట్లు దిగనివ్వొచ్చని గొలుసు తగిలించి తలుపు తీశాను. చుక్క మొదటి మెట్టు దగ్గరకి వెళ్ళి ఆగింది. దిగవే అన్నాను, పాప కిందకి దిగి చప్పట్లు కొట్టి పిలిచింది. అది కదల్లేదు. వెనక్కి తిరిగి మా ఆయన వంక చూస్తూ, ఎత్తుకోవడానికి వీలుగా పక్కకి తిరిగి నిలబడింది.

ఆయన చెప్పులు వేసుకుని వచ్చి, ఒక చెయ్యి ఛాతీకి, ఒక చెయ్యి తొడలకి వేసి, ఆ పూటకి కూడా ఎత్తుకునే దించారు.